కొత్తగా వచ్చినవారికి చోటెక్కడ?



సంక్రాంతి వెళ్ళిన తరువాత మన మిరప పొలాల్లో కోతలు జోరందుకుంటాయి. ఆ రోజుల్లో ఏదైనా ఒక ఆదివారం మీ విచారణ దేవాలయంలో ఒక్కసారి వెనుకకు తిరిగి చూడండి. చివరి వరుస కూడా దాటిన తరువాత, చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా, గోడకు ఆనుకొని నిలబడిన నలుగురైదుగురు కనిపించవచ్చు. మగవారు తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకొని ఉంటారు. ఒక తల్లి చంకలో పిల్ల నిద్రపోతూ ఉంటుంది. పాట తెలిసినదే గాని రాగం వేరు కనుక వారి పెదవులు కదలవు. పూజ ముగియగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోతారు. వచ్చే ఆదివారం వస్తారో రారో ఎవరికీ తెలియదు. రాకపోయినా ఎవరూ గమనించరు.

ఇందులో తప్పు చేసినవారెవరు? ఎవరూ వారిని పొమ్మనలేదు. అయితే ఎవరూ రమ్మననూ లేదు. "మా గుడి తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి" అని మనం చెప్పుకొంటాం. ఆ మాట నిజమే. కాని మన ఇంటికి చుట్టం వస్తే తలుపు తీసి ఉంచి, మన పని మనం చూసుకొంటామా? ఎదురు వెళతాం, చేతిలోని సంచి అందుకొంటాం, కాళ్ళకు నీళ్ళిస్తాం, ప్రయాణం ఎట్లా జరిగిందని అడుగుతాం. అడ్డు చెప్పకపోవడం వేరు, ఆదరించడం వేరు. ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది: దేవుని ఇంటికి కొత్తగా వచ్చిన మనిషిని ఆదరించడం మన మంచితనమా, లేక మనం తీర్చవలసిన బాకీయా?

ముందుగా వారెవరో తెలుసుకొందాం. కర్నూలు జిల్లా పడమటి భాగంలో కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆదోని ప్రాంతాలు వాన మీద ఆధారపడిన నేలలు. ఒక్క పంట చేతికి వచ్చిన తరువాత అక్కడ పని ఉండదు. అందుచేత ప్రతి ఏడూ వేలాది కుటుంబాలు ఇంటికి తాళం వేసి, ముసలివారిని వదిలి, పిల్లలను వెంటబెట్టుకొని గుంటూరు, పల్నాడు, ప్రకాశం పొలాలకు వస్తాయి. దీనిని వారు సుగ్గికి పోవడం అంటారు. తెలంగాణ నుండి వచ్చేవారున్నారు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుండి వచ్చేవారూ ఉన్నారు. పొలం గట్టున పట్టాలతో గుడారం వేసుకొంటారు. చేతులు మండుతున్నా పొద్దుగూకే వరకు కాయ కోస్తారు. గుంటూరు మిర్చి యార్డులో దొంతర్లుగా పేర్చిన టిక్కీల వెనుక ఈ చేతులున్నాయి. వీరిలో క్రైస్తవులు తక్కువేమీ కాదు. కొందరు కథోలికులు, కొందరు బాప్టిస్టులు, మరికొందరు ఈ మధ్యనే ప్రార్థనకు వెళ్ళడం ప్రారంభించినవారు. తెలియని ఊళ్ళో శిలువ గుర్తున్న కప్పు కనిపిస్తే, అది తమ చోటేనని నమ్మి లోపలికి వస్తారు.

వీరిని పలకరించకపోవడానికి మనం చెప్పే కారణాలు సామాన్యంగా మూడు. ఒక్కొక్కటి పరిశీలిద్దాం.

మొదటి కారణం: "వాళ్ళు నాలుగు నెలలుండి పోయేవాళ్ళు. వాళ్ళకు సొంత విచారణ ఉండనే ఉంది." ఇది సబబైన మాటలాగే కనిపిస్తుంది. కాని శ్రీసభ అలా అనుకోవడం లేదు. 1983లో వెలువడిన శ్రీసభ ధర్మశాస్త్రంలోని 102వ సూత్రం ప్రకారం, ఒక విచారణ పరిధిలో కనీసం మూడు నెలలు ఉండాలనే ఉద్దేశంతో నివసించే వ్యక్తికి అక్కడ తాత్కాలిక నివాసం ఏర్పడుతుంది. అటువంటి నివాసం వలన కూడా ఆ చోటి గురువు అతనికి సొంత విచారణ గురువు అవుతాడని 107వ సూత్రం చెబుతున్నది. మూడు నెలలు! సరిగ్గా ఒక మిరప కోతల కాలం. అంటే కోసిగి నుండి మీ ఊరి పొలానికి వచ్చిన కథోలిక కూలీ మీ విచారణకు అతిథి కూడా కాదు. అతడు మీ విచారణ సభ్యుడే. విచారణ గురువు పేదలను, ఒంటరివారిని, సొంతనేలకు దూరమైనవారిని ప్రత్యేక శ్రద్ధతో వెదకాలని 529వ సూత్రం నిర్దేశిస్తున్నది. వస్తే చూద్దాం అనలేదు, వెదకాలి అన్నది.

పరిశుద్ధ గ్రంథంలో కోతల కాలానికి వచ్చిన ఒక పరాయి స్త్రీ కథ మనందరికీ తెలుసు. రూతు మోవాబు దేశపు విధవరాలు. యవల కోతలు మొదలయ్యే వేళకు బేత్లెహేముకు వచ్చి, కోతగాళ్ళ వెనుక పరిగె ఏరుకొన్నది. ఆ పొలం యజమాని ఆమెను పొమ్మనకుండా ఉండి ఊరుకొంటే సరిపోయేది. కాని ఆయన ఆమె ఎవరో అడిగి తెలుసుకొన్నాడు. దాహం వేస్తే తన మనుషులు తోడిన నీరు త్రాగమన్నాడు. భోజనం వేళ తన పనివారి పక్కన కూర్చోబెట్టాడు. ఆమె కోసం పనల నుండి కొన్ని వెన్నులు కావాలనే విడిచిపెట్టమని కూలీలకు చెప్పాడు. ఆ పరిగె ఏరిన స్త్రీ పేరు మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో, యేసు ప్రభువు వంశావళిలో ఉంది. కోతలయిపోగానే పోయే మనిషి అని బేత్లెహేమువారు కూడా అనుకొని ఉండవచ్చు.

రెండవ కారణం: "వాళ్ళు ఏదో ఆశించి వస్తారు. బియ్యమో, దుప్పటో, పిల్లలకు హాస్టలులో సీటో దొరుకుతుందని వస్తారు." ఈ అనుమానం మన నేలకు కొత్తది కాదు. దీనికి ఒంగోలు చరిత్రలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. అది మన సభకు చెందినది కాకపోయినా మనం నేర్చుకోదగినది. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశాన్ని మహాకరువు పీడించింది. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు బోధకుడు జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్న వేలాదిమందికి కూలి కల్పించాడు. ఆ కూలీలలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. ఆకలి పుట్టించిన కోరికకూ విశ్వాసం పుట్టించిన కోరికకూ తేడా తెలియడం కష్టమని ఆయన భయం. కరువు సాయం ఆగిపోయింది. ఇక డబ్బు రాదని అందరికీ తెలిసింది. అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఏటిలో, ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంగతిలో రెండు విషయాలు గమనించండి. ఒకటి: ఆయన సంస్కారాన్ని ఆపాడు గాని మనిషిని ఆపలేదు. ఉద్దేశం తేలేదాకా బాప్తిస్మం వాయిదా పడింది. కూలి, గంజి, మాట ఒక్క రోజు కూడా వాయిదా పడలేదు. మనం చాలాసార్లు దీనిని తిరగేసి చేస్తాం. ఉద్దేశం తేలేదాకా మాటే వాయిదా వేస్తాం. రెండవది: అనుమానించినవారి అంచనా తప్పిపోయింది. సాయం ఆగితే వీరూ ఆగిపోతారన్నది లెక్క. వారు ఆగలేదు. మనిషి మనసులో ఆకలి, భక్తి వేరువేరు గదుల్లో ఉండవు. రొట్టెలు తిన్నందువల్లనే తన వెంట పడుతున్నారని ప్రభువు జనంతో స్పష్టంగానే చెప్పారు. కాని ముందు రొట్టెలు పెట్టిన తరువాతనే ఆ మాట చెప్పారు. మన మాటేమిటి? మనం గుడికి వచ్చే కారణాలన్నీ పరిశుద్ధమైనవేనా? అమ్మాయి పెళ్ళి, అబ్బాయి ఉద్యోగం, బోరులో నీరు, యార్డులో ధర, ఇవేవీ మన మొక్కుబడులలో లేవా? పాతవారి అవసరం ప్రార్థన అయి, కొత్తవారి అవసరం దురాశ ఎట్లా అవుతుంది?

మూడవ కారణాన్ని మనం పైకి చెప్పం. "వాళ్ళు ముందుకు వచ్చి కూర్చుంటే మనవాళ్ళు బాధపడతారు." అసలైన కారణం చాలాచోట్ల ఇదే.

క్లౌ ఒంగోలుకు వచ్చిన తొలి రోజుల్లోనే, 1867 ప్రాంతంలో, ఈ మాట సూటిగా విన్నాడు. ఊరిలోని పైకులాల కుటుంబాలు ఆయన బడికి పిల్లలను పంపుతున్నాయి. ఇంతలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి ద్వారా పల్లెల్లోని అతని జనం రావడం మొదలైంది. వారిని చేర్చుకొంటే తాము రామని పెద్దలు తెలియజేశారు. పలుకుబడి, చదువు, చందా ఒకవైపు. చేతిలో ఏమీ లేని పల్లెజనం మరొకవైపు. ఆ రోజు ఆయనా ఆయన భార్యా వేరువేరుగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖలో ఒకే భాగం ఎదురైందని ఆయన తన జీవితకథలో వ్రాసుకొన్నాడు. లోకం తృణీకరించినవారిని దేవుడు ఎన్నుకొన్నాడని పునీత పౌలుగారు చెప్పిన భాగం అది. ఆయన పల్లెజనాన్ని చేర్చుకొన్నాడు. పెద్దలు వెళ్ళిపోయారు. కొత్తవారిని ఆదరించడం ఖర్చులేని పని అనుకోకండి. ఒక్కొక్కసారి పాతవారి అలకే దాని ఖర్చు.

ఆ అలకకు లొంగితే ఏమవుతుందో చూడాలంటే కొంచెం దూరం వెళ్ళాలి. ఇంగ్లాండులో జాన్ వెస్లీ 1743లో తన మెథడిస్టు సంఘాలకు నియమావళి వ్రాసినప్పుడు, చేరగోరేవారికి ఒకే ఒక షరతు పెట్టాడు: పాపం నుండి రక్షణ పొందాలనే కోరిక. కులీనత, చదువు, చందా ఏదీ అడగలేదు. గడప అంత తక్కువ ఎత్తులో ఉంచి, లోపలి నడవడికి మాత్రం గట్టి కట్టుబాట్లు పెట్టాడు. సుమారు పన్నెండు మందికి ఒక నాయకుడు. ఆ నాయకుడు వారానికి ఒక్కసారైనా ప్రతి ఒక్కరినీ కలుసుకొని క్షేమం విచారించాలి. ఇంత చక్కని ఏర్పాటు గల సంఘమే ఆ శతాబ్ది ముగియకముందే అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఏం చేసింది? సెయింట్ జార్జి మెథడిస్టు దేవాలయంలో మోకాళ్ళమీద ప్రార్థిస్తున్న నల్లజాతి విశ్వాసులను, అది మీ చోటు కాదంటూ లేపబోయారు. వారు అందరూ కలిసి బయటకు నడిచారు. వారి నాయకుడు రిచర్డ్ అలెన్ 1816లో ఏర్పడిన ఆఫ్రికన్ మెథడిస్టు సభకు తొలి బిషప్పు అయ్యాడు. నియమావళిలో తప్పు లేదు. కాగితంమీద తెరిచిన తలుపును ఒక బల్ల మూసివేసింది.

మనం వారిని వేలెత్తి చూపగలమా? చోటు గురించిన పట్టింపు మన మైదానంలో ప్రాణాలు తీసింది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. ఆ గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అక్కడ సినిమాహాలులో కాలు తగిలిందన్న తగాదాతో నిప్పు రాజుకొన్నది. దక్షిణ దేశంలో కథోలిక దేవాలయాలలోనే కులానికొక వైపు కూర్చున్న కాలం ఉన్నది. తమిళనాట సమాధుల తోటలో కూడా గోడ కట్టిన చోటు ఉన్నది. భారత కథోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారతపై విధానపత్రం వెలువరించి, శ్రీసభలోనే వివక్ష ఉన్నదని ఒప్పుకొన్నది. 2022 ఆగస్టు 27న పూల ఆంతోని మేత్రాణులవారు కార్డినలు అయినప్పుడు, ఆ స్థానం పొందిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయనే అని మనమంతా సంతోషించాం. ఆ సంతోషం నిజమైనదైతే, చెప్పులు విడిచే చోట నిలబడిన మనిషి దగ్గర కూడా అది కనిపించాలి. బంగారు ఉంగరం పెట్టుకొన్నవానికి మంచి చోటు చూపి, మురికి బట్టలవానిని నిలబడమనే సంఘాన్ని పునీత యాకోబుగారు తన లేఖ రెండవ అధ్యాయంలో ఎంత కఠినంగా మందలించారో ఈ రాత్రి ఇంట్లో అందరూ కలిసి చదువుకోండి.

ఇక్కడ కొందరు న్యాయమైన సందేహమే అడుగుతారు. "అయితే వచ్చినవారందరికీ అన్నీ ఇచ్చివేయాలా? బాప్టిస్టు సోదరుడు సత్ప్రసాదానికి వరుసలో నిలబడితే?" ఇవ్వలేం. దివ్యసత్ప్రసాదం పూర్తి ఐక్యతకు గుర్తు. ఆ ఐక్యత ఇంకా పూర్తి కాలేదు. 1999లో లూథరన్లతో కుదిరిన నీతీకరణ ఒప్పందంలో 2006లో మెథడిస్టులు కూడా చేరారు. దూరం తగ్గుతున్నది గాని తీరిపోలేదు. అయితే ఈ సంగతి ఎలా చెబుతామన్నది ముఖ్యం. పీఠం దగ్గర అందరిముందు చేయి వెనక్కు లాగడం ఒక పద్ధతి. పూజకు ముందే పక్కన కూర్చొని, "తమ్ముడూ, మా పద్ధతి ఇది, దీవెనకు మాత్రం తప్పక ముందుకు రా" అని చెప్పడం మరొక పద్ధతి. మొదటిది అతనికి తలవంపు. రెండవది గౌరవం. నిజం చెప్పడం ఆదరణకు విరుద్ధం కాదు. చుట్టానికి మన ఇంటి కట్టుబాట్లు చెబుతాం, చెప్పినందుకు అతను చుట్టం కాకుండా పోడు.

అలాగే అతి ఆదరణ కూడా ఒక భారమే. కొత్త మనిషిని అందరిముందు నిలబెట్టి పేరు చెప్పించడం, చప్పట్లు కొట్టించడం, వెంటనే చందా పుస్తకం తేవడం, ఏ కులమో తెలుసుకోవడానికి ఇంటిపేరు అడగడం, ఇవి ఆదరణ కావు. కొందరు దుఃఖంతో వస్తారు. వారికి ఒక మూల మౌనంగా కూర్చొనే హక్కుంది. ఎదుటివాని అవసరం చూసి చేసేదే ఆదరణ. మన ముచ్చట తీర్చుకోవడానికి చేసేది సన్మానం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఇది మంచితనమా, బాకీయా? ఇల్లు మనదైతే అది మంచితనం. పిలిస్తే పుణ్యం, పిలవకపోతే పాపమేమీ లేదు. కాని ఇల్లు మనది కాదు. మా తాత ఇటుకలు మోశాడు, మా నాన్న గంట చేయించాడు అని మనం చెప్పుకోవచ్చు. అయినా ఆ ఇంటికి యజమాని ఒక్కరే. మనమూ ఆయన పిలిస్తే వచ్చినవారమే, కాకపోతే కొంచెం ముందుగా వచ్చాం. గుంటూరు మేత్రాసనం ఏర్పడినదే 1940లో. అంతకు పూర్వం మన పెద్దలకు సువార్త తెచ్చినవారు సముద్రాలు దాటి వచ్చిన పరాయివారు. ఫిరంగిపురమనే ఊరి పేరులోనే పరదేశి మాట ఉంది. మన గుంటూరు రైతులు తుంగభద్ర ఆయకట్టుకు, రాయచూరు, బళ్ళారి క్యాంపులకు, నిజామాబాదు నేలలకు వలసపోయారు. వారిలో మన కథోలిక కుటుంబాలూ ఉన్నాయి. ఈనాడు మీ పిల్లలు హైదరాబాదులోనో, డల్లాసులోనో, మెల్బోర్నులోనో ఏదో ఒక తెలియని దేవాలయంలో వెనుక వరుసలో నిలబడి ఉన్నారు. అక్కడ ఎవరైనా ఒక తల్లి వారిని చూసి చిరునవ్వు నవ్వాలని మీరు రోజూ కోరుకొంటున్నారు. ఆ తల్లి చేయవలసిన పని ఇక్కడ మీరు చేయవలసి ఉంది.

పునీత బెనెడిక్టుగారు ఆరవ శతాబ్దిలో మఠవాసులకు వ్రాసిన నియమావళిలో, వచ్చిన అతిథినల్లా క్రీస్తుగా స్వీకరించమని ఆదేశించారు. పేదల విషయంలో మరీ జాగ్రత్త అన్నారు. ధనవంతునికి మర్యాద ఎలాగూ దొరుకుతుంది, అతనంటే ఉన్న భయమే దానిని తెచ్చిపెడుతుందని ఆయనకు తెలుసు. అదే గ్రంథం 61వ అధ్యాయంలో మరొక మాట ఉంది. దూరం నుండి వచ్చిన సన్యాసి మఠంలోని లోపాన్ని వినయంగా చూపితే, మఠాధిపతి ఆలోచించాలట. అందుకోసమే ప్రభువు అతనిని పంపి ఉండవచ్చునట! కొత్త మనిషికి మనం ఇవ్వవలసింది ఉండటమే కాదు, అతని వద్ద మనం పుచ్చుకోవలసినదీ ఉంది. పదేళ్ళుగా మనకు కనిపించని దుమ్ము అతనికి మొదటి రోజే కనిపిస్తుంది. ఎమ్మావు దారిలో శిష్యులకు లేఖనాలు వివరించినవాడు వారి కంటికి ఒక పరాయి బాటసారి. ఆ రాత్రి తమతో ఉండమని బలవంతపెట్టకపోతే, ఆయన ఎవరో వారికి తెలిసేదే కాదు.

కనుక ఈ కోతల కాలంలో ప్రతి విచారణ చేయగల పనులు కొన్ని ఉన్నాయి. ఉపదేశిగారు, మఠకన్యలు, యువకులు కలిసి గుడారాల దగ్గరకు ఒక్కసారి వెళ్ళి రావాలి. ఆదివారం పగలంతా పొలంలో ఉండేవారికోసం సాయంత్రం పూజ పెట్టగలరేమో గురువుగారితో ఆలోచించాలి. వెనుక వరుసల్లో పాటల పుస్తకాలు కొన్ని ఉంచాలి. చిన్న క్రైస్తవ సంఘాలున్న చోట, వెస్లీ పద్ధతిలో, ఒక్కొక్క వలస కుటుంబాన్ని ఒక్కొక్క ఇల్లు తనదిగా తీసుకోవాలి. పిల్ల బడి సంగతి, జ్వరం సంగతి, కూలి లెక్క సంగతి ఆ ఇల్లు కనుక్కోవాలి. విచారణ పండుగ విందులో వారికి మిగిలినది పెట్టకుండా పంక్తిలో కూర్చోబెట్టాలి. మీ పొలంలోనే వారు పనిచేస్తూ ఉంటే, ముందుగా కూలి సరిగా లెక్కగట్టి ఇవ్వండి. వారంలో ఆరు రోజులు కాటాలో మోసం చేసి, ఏడవ రోజు గుడిలో చోటు చూపిస్తే దానిని దేవుడు ఆదరణగా స్వీకరించడు.

ప్రియ కుటుంబ పెద్దలారా, తల్లులారా! వచ్చే ఆదివారం పూజ అయిన తరువాత మీకు తెలిసినవారితో మాట్లాడటం ఒక్క ఐదు నిమిషాలు ఆపండి. మీకు తెలియనివారి దగ్గరకు మీ పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళండి. "ఏ ఊరండీ మీది?" అని అడగండి. వారి పేరు గుర్తుపెట్టుకోండి. మరుసటి ఆదివారం ఆ పేరుతో పిలిచి మీ పక్కన చోటు చూపండి. పిల్లలు అది చూసి నేర్చుకొంటారు.